ఎత్తిన జాకీ దానంతటదే కుంగుతుంటే కొత్తది కొనేముందు చూడాల్సినవి

టెక్కలి నుంచి అడిగిన ప్రశ్న ఇది. నౌపడ ఉప్పు తోలే ఆరు టైర్ల లారీ. 20 టన్నుల బాటిల్ జాకీ (ఆయిలు ఒత్తిడితో ఎత్తేది) కొని రెండేళ్ళయింది. వెనక చక్రం ఎత్తాక పది నిమిషాల్లో రెండంగుళాలు కుంగిపోతోంది. షాపులో చూపిస్తే కొత్తది కొనుక్కోమన్నారు. దాంతోపాటు, తమ్ముడు కళింగపట్నం బీచిలో వ్యానులో నడిపే టిఫిన్ బండికి నాలుగు మూలలా ఉన్న స్క్రూ జాకీల్లో రెండు తిరగడం మానేశాయి. రెండింటికీ ఏం చెయ్యాలి?

కొత్తది అప్పుడే కొనకండి. రెండేళ్ళ జాకీ కుంగుతోందంటే చాలావరకు లోపల చెత్త చేరడమో, ఆయిలు కారకుండా ఆపే వాషరు పోవడమో తప్ప ఇనుము పాడవడం కాదు. ఆయిలు దారి మూసే ఉక్కు గోళీ కింద ఇరుక్కున్న చిన్న తుప్పు పెచ్చు చాలు ఇంత పనీ చెయ్యడానికి. కాకపోతే బాగయ్యేదాకా ఆ జాకీని లోడు బండి కింద పెట్టకండి. ఇవాళ పది నిమిషాలకి కుంగేది రేపు పది సెకన్లలో కుంగొచ్చు.

లోపల ఏం జరుగుతుందో తెలిస్తే లోపం ఎక్కడుందో మీరే పట్టుకోగలరు. బయటి గొట్టం ఆయిలు తొట్టె. దాని లోపల మందపాటి సిలిండరు, అందులో పెద్ద పిస్టను. దాన్నే షాపుల్లో రామ్ అంటారు. పక్కన హ్యాండిల్‌తో కొట్టే చిన్న పంపు. అడుగు దిమ్మెలో మూడు ఉక్కు గోళీలు. హ్యాండిల్ పైకి లేపితే తొట్టెలోని ఆయిలు మొదటి గోళీని లేపుకుని పంపులోకి వస్తుంది. కిందికి నొక్కితే ఆ గోళీ మూసుకుపోయి, రెండోది తెరుచుకుని, ఆయిలు రామ్ కిందికి పోతుంది. మళ్ళీ హ్యాండిల్ లేపేటప్పుడు బరువు వెనక్కి రాకుండా ఆపేది ఆ రెండో గోళీ. మూడోది దించే స్క్రూ చివర ఉంటుంది. స్క్రూ బిగిస్తే సీటు (గోళీ ఆనే కన్నం అంచు) మీద కూర్చుంటుంది, వదిలితే ఆయిలు తిరిగి తొట్టెలోకి పోతుంది.

లెక్క కూడా ఒకసారి చూడండి. రామ్ 60 మి.మీ. లావు అనుకుంటే దాని వైశాల్యం 28 చదరపు సెంటీమీటర్లు. దాని మీద 20 టన్నులు పడితే ఆయిలు ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి 700 కిలోలు దాటుతుంది. లారీ టైరులో గాలి ఒత్తిడి ఎనిమిది కిలోల చుట్టుపక్కలే. ఇంత ఒత్తిడి దగ్గర వెంట్రుకంత సందు చాలు. మీ జాకీ పది నిమిషాల్లో ఐదు సెంటీమీటర్లు దిగుతోందంటే రామ్ కింద నుంచి 140 మి.లీ. తప్పించుకుంటోందన్నమాట. నిమిషానికి మూడు చెంచాలు. అది పెద్ద కన్నం కాదు, సరిగ్గా కూర్చోని గోళీ.

ఏ గోళీ? ఇక్కడే చాలామంది పొరబడి మొత్తం విప్పేస్తారు. ఖాళీ లారీని వెనక ఇరుసు దగ్గర కొద్దిగా ఎత్తి, ఇరుసు కింద దుంగ పెట్టి, రెండింటి మధ్య అంగుళం సందు మాత్రమే ఉంచి పరీక్షించండి. హ్యాండిల్‌ని సగంలో వదిలి చూడండి. అది దానంతటదే పైకి లేస్తే రెండో గోళీ కారుతున్నట్టు. కానీ ఒక్క రెండో గోళీయే కారితే జాకీ అంగుళాల కొద్దీ కుంగదు. వెనక్కొచ్చిన ఆయిలు పంపు పిస్టన్ని పైదాకా తోసి అక్కడ ఆగిపోతుంది, ఎందుకంటే మొదటి గోళీ దారి మూసి ఉంచుతుంది. పంపు పిస్టను 12 మి.మీ. లావు, అది పైకీ కిందికీ కదిలే దూరం 25 మి.మీ. అయితే అందులో పట్టేది మూడు మి.లీ. లోపే. రామ్ కుంగేది ఒక మిల్లీమీటరు. కాబట్టి మీరు చెప్పిన రెండంగుళాల కుంగుడు దించే స్క్రూ గోళీ వల్లో, రామ్ వాషరు వల్లో, లేదా మొదటి రెండు గోళీలూ ఒకేసారి పోవడం వల్లో అయి ఉండాలి. హ్యాండిల్ కదలకుండా ఉంటే మూడో కారణాన్ని చాలావరకు పక్కన పెట్టేయొచ్చు.

మిగిలిన రెండింటినీ విడదీయడానికి ఎత్తు మార్చి చూడండి. జాకీ కింద చెక్క దిమ్మెలు తీస్తూ పెడుతూ రామ్ కొద్దిగా లేచినప్పుడు ఒకసారి, సగంలో ఒకసారి, పూర్తిగా లేచే ముందు ఒకసారి పరీక్షించాలి. రామ్ మీద సుద్దముక్కతో గీత పెట్టి ఐదు నిమిషాలు చూస్తే చాలు. అన్ని ఎత్తుల్లోనూ ఒకేలా దిగితే దించే స్క్రూ దగ్గరే లోపం ఉండే అవకాశం ఎక్కువ. ఒక ఎత్తులో నిలిచి ఇంకో ఎత్తులో దిగితే సిలిండరు లోపల ఆ చోట గీత పడింది, లేదా రామ్ వాషరు అరిగింది. రామ్ చుట్టూ పైన తడి వలయం కనిపిస్తే అదీ వాషరు వైపే వేలు చూపిస్తుంది. తడి లేదని మాత్రం వాషరు బాగుందనుకోకండి. కొన్ని జాకీల్లో కారిన ఆయిలు లోపలి నుంచే తొట్టెలోకి వెళ్ళిపోతుంది.

విప్పే ముందు ఒక పని చేసి చూడండి, ఖర్చు లేనిది. బరువు లేకుండా రామ్‌ని పూర్తిగా లేపండి. దించే స్క్రూని రెండు చుట్లు వదిలి, రామ్ మీద మీ బరువంతా వేసి ఒక్క ఊపులో కిందికి నొక్కండి. ఆ వేగానికి ఆయిలు సీటు మీది చెత్తని కొట్టుకుపోతుంది. నాలుగైదు సార్లు చేసి మళ్ళీ పరీక్షించండి. చాలా జాకీలు దీంతోనే దారికొస్తాయి. అయినా లోపల చెత్త ఉన్నట్టు తేలింది కనుక ఆయిలు మార్చాల్సిందే.

దారికి రాకపోతే దించే స్క్రూ తియ్యాలి. దీనికి జాకీ మొత్తం విప్పక్కర్లేదు. రామ్ పూర్తిగా దించి, పక్కనున్న రబ్బరు మూత తీసి, ఆయిలు ఒక తెల్ల గిన్నెలోకి ఒంపండి. తెల్ల గిన్నె ఎందుకంటే ఆయిలు రంగు కనిపించాలి. పలచని మజ్జిగలా ఉంటే నీళ్ళు చేరాయి. నల్లగా, వెండి పొడి కలిపినట్టు మెరుస్తుంటే లోపల ఇనుము అరుగుతోంది. తరవాత స్క్రూ పూర్తిగా తీసి, అయస్కాంతపు పుల్లతో గోళీని బయటికి లాగండి. గోళీ వేళ్ళ మధ్య తిప్పితే నున్నగా ఉండాలి, చుక్కంత గుంట కూడా ఉండకూడదు. టార్చి వేసి కన్నంలోకి చూస్తే సీటు అంచున సన్నటి మెరిసే వలయం కనిపిస్తుంది. ఆ వలయం తెగకుండా చుట్టూ రావాలి. విరిగిన గాజులా ఎక్కడైనా తెగి ఉంటే ఆయిలు పోయే దారి అదే.

అలా తెగి ఉంటే సీటుని మళ్ళీ కూర్చోబెట్టవచ్చు. అదే కొలత గోళీని సీటు మీద పెట్టి, ఇత్తడి కడ్డీ ఆనించి, పావుకిలో సుత్తితో ఒక్కటే దెబ్బ, తూకంగా. రెండో దెబ్బ వద్దు, సీటు వెడల్పయిపోతుంది. ఆ సుత్తి దెబ్బ తిన్న గోళీని పారేసి కొత్తది వెయ్యండి. గోళీ కొలత కంటితో చూసి చెప్పడం కుదరదు, వెర్నియర్‌తో (మిల్లీమీటరులో భాగాలు కూడా చూపే కొలబద్దతో) కొలవాల్సిందే. సైకిల్ షాపు గోళీలు ఎక్కువగా అంగుళాల లెక్కవి, జాకీలవి మిల్లీమీటర్లవి కావచ్చు. చూపుకి ఒకటే, సీటు మీద కాదు. ఇంకొక మాట. కుంగుతోందని దించే స్క్రూని పైపు వేసి బిగించే అలవాటు ఉంటే మానేయండి. చేత్తో బిగిసినంత, ఆపైన హ్యాండిల్ చివరతో కొంచెం, అంతే. సీట్లు పోవడానికి పెద్ద కారణం ఈ బలప్రయోగమే.

రామ్ వాషరు మార్చాలంటే పైనున్న పెద్ద నట్టు తియ్యాలి. అడుగు దిమ్మెని గట్టి వైసులో పట్టించి, రెండడుగుల పైపు పానాతో విప్పుతారు. రామ్ పైకి లాగితే చివర గిన్నె ఆకారపు వాషరు ఉంటుంది. పాతది తీసేముందు అది ఏ వైపు తిరిగి ఉందో ఫోటో తీసుకోండి. గిన్నె నోరు ఒత్తిడి వచ్చే వైపుకి, అంటే కిందికి ఉండాలి. దానికి దన్నుగా ఉండే గట్టి రింగు పైవైపున ఉండాలి. తిరగేసి వేస్తే ఎంత పంపు కొట్టినా జాకీ బరువెత్తదు. కొత్త వాషరు అంచుని స్క్రూడ్రైవరుతో తోయకండి, ఆయిలు రాసి వేళ్ళతో నొక్కుతూ తిప్పుతూ దించండి. ఆ అంచు మీద పడే చిన్న గాటు మళ్ళీ ఇదే తంటా తెస్తుంది. భాగాలు కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, ఆఖరున కొత్త హైడ్రాలిక్ ఆయిలుతో ఒకసారి తడపండి. తుడవడానికి కాటన్ వేస్టు వద్దు. దాని నూలు పోగే గోళీ కింద చేరుతుంది. నూలు రాలని పాత పంచె గుడ్డ మేలు.

అడుగు దిమ్మె మీద రంగు పూసి మూసిన చిన్న స్క్రూ ఇంకోటి కనిపించొచ్చు. అది ఓవర్‌లోడు వాల్వు. జోలికి వెళ్ళకండి. ఎక్కువ బరువెత్తుతుందని దాన్ని బిగించినవాళ్ళు జాకీకి ఉన్న ఒకే ఒక్క రక్షణని తీసేసినట్టే.

ఆయిలు విషయంలో మాత్రం మొండిగా ఉండండి. హైడ్రాలిక్ ఆయిలే, మన ఎండలకి 32 గ్రేడు సరిపోతుంది. బ్రేక్ ఆయిలు పొయ్యకండి. జాకీలో ఉండే నల్ల రబ్బరు మామూలు మినరల్ ఆయిలుకి చేసింది. బ్రేక్ ఆయిలు తగిలితే ఉబ్బి మెత్తబడిపోతుంది. ఆయిలు చూడటానికి తేటగా ఉంటుంది, జాకీ మాత్రం కొన్నాళ్ళకే చస్తుంది. ఇంజను నుంచి దించిన కాలిన ఆయిలులో మసి, ఇనుప రజను ఉంటాయి కనుక అదీ వద్దు. కొత్త ఇంజనాయిలు చిక్కన, గోళీలు మెల్లగా మూసుకుంటాయి. పైన లెక్కగట్టిన రామ్ 15 సెంటీమీటర్లు లేవాలంటే దాని కిందికే 425 మి.లీ. పోవాలి. తొట్టెలో అంతకన్నా ఎక్కువ ఉండాలి కాబట్టి లీటరు డబ్బా తెచ్చుకుంటే సరిపోతుంది.

పోసేటప్పుడు రామ్ పూర్తిగా దిగి ఉండాలి, జాకీ నిటారుగా ఉండాలి. మూత కన్నం కింది అంచుదాకా వస్తే ఆపండి. నిండుగా పోస్తే రామ్ దిగేటప్పుడు ఆయిలుకి చోటు చాలక మూత ఎగిరిపోతుంది. తక్కువ పోస్తే చివరి రెండంగుళాలు లేవదు, జనం జాకీ బలం తగ్గిందనుకుంటారు. తరవాత గాలి తియ్యాలి. దించే స్క్రూ ఒకటిన్నర చుట్టు వదిలి పదిహేను సార్లు గబగబా పంపు కొట్టండి. స్క్రూ బిగించి రామ్ పూర్తిగా లేపి, మళ్ళీ వదిలి నొక్కి దించండి. హ్యాండిల్ కొట్టినప్పుడు స్పాంజి నొక్కినట్టు మెత్తగా తగలడం ఆగేదాకా ఇదే పని. మీ జాకీ ఒక్కో దెబ్బకి ఎంత లేస్తుందో ఇప్పుడే కొలిచి రాసి పెట్టుకోండి. ఇరవై దెబ్బలకి 20 మి.మీ. లేచేది కొన్నాళ్ళకి 12 దగ్గర ఆగిందంటే, కుంగడం మొదలవకముందే లోపం తెలిసిపోతుంది.

ఇక ఉప్పు. మీ ప్రశ్నలో అసలు శత్రువు అదే. ఉప్పు లారీ టూల్ బాక్సులో జాకీ పడుకుని ఉంటుంది. లోడు నుంచి కారే ఉప్పునీరు దాని మీద పడుతుంది. రామ్ అంగుళం బయటికి ఉండిపోతే ఆ అంగుళం మీద తుప్పు చుక్కలు లేస్తాయి. మర్నాడు ఆ చుక్కలు కిందికి దిగుతూ పైనున్న సీళ్ళని ఆకురాయిలా గీరుతాయి, తుప్పు పొడి ఆయిలులో కలుస్తుంది, చివరికి గోళీ కిందికి చేరుతుంది. గోళీ కింద ఇరుక్కునే పెచ్చు చాలాసార్లు ఇలా వచ్చిందే. కాబట్టి పనవగానే రామ్ పూర్తిగా దించండి. దించే ముందు మంచినీళ్ళ గుడ్డతో, ఆపైన ఆయిలు గుడ్డతో తుడవండి. రామ్ తలలో ఉన్న పొడుగు స్క్రూకి గ్రీజు పెట్టి ఉంచండి. జాకీని నిలబెట్టి, కదలకుండా పట్టీ కట్టండి. పడుకోబెడితే మూత సందులోంచి ఆయిలు కారుతుంది, గాలి పంపులోకి చేరుతుంది. మందపాటి ప్లాస్టిక్ బకెట్లో నిలబెట్టి మూత పెట్టినా చాలు. మామూలు లారీకి ఏడాదికోసారి, వానలకి ముందు ఆయిలు మారిస్తే సరి. ఉప్పు తోలేవాళ్ళు ఆరు నెలలకే మార్చుకోవాలి. గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీసు తోలేవాళ్ళకీ అదే లెక్క, అక్కడ ఉప్పుకి బదులు ధూళి.

తుప్పు చుక్కలు ఇప్పటికే ఉంటే 1000 నంబరు నీటి కాగితాన్ని (సన్న గరుకు కాగితం) ఆయిలులో తడిపి రామ్ చుట్టూ తిప్పుతూ రుద్దండి, నిలువుగా రుద్దితే పడే గీతలే ఆయిలుకి కాలువలవుతాయి. రుద్దాక గోరు లాగి చూడండి. గోరు పట్టేంత గుంట మిగిలితే అప్పుడు ఆ రామ్‌కి, బహుశా జాకీకే, సెలవివ్వాలి. వంగిన రామ్‌కి, బీట తీసిన అడుగు దిమ్మెకి కూడా మరమ్మతు లేదు. కొత్తది కొనమనే సలహా వీటికే వర్తిస్తుంది.

20 టన్నులు మీకు ఎక్కువా తక్కువా అన్నది కూడా చూద్దాం. 2018లో పెంచిన పరిమితుల ప్రకారం రెండు ఇరుసుల లారీ మొత్తం బరువు 18.5 టన్నులు, నాలుగు టైర్ల వెనక ఇరుసు మీద 11.5 టన్నులు. ఒక పక్క ఎత్తితే జాకీ మీద పడేది ఆరు టన్నుల లోపు. కాగితం మీద 10 టన్నుల జాకీ చాలు. కానీ రోడ్డు వాలు, ఒక పక్కకి ఒరిగిన లోడు, తడిసి బరువెక్కిన ఉప్పు కలిస్తే ఆ లెక్క నిలవదు. 20 టన్నులది సగం కన్నా తక్కువ బలంతో పనిచేస్తుంది కనుక సీళ్ళకి ఆయుష్షు ఎక్కువ. మీ ఎంపిక సరైనదే.

బలం ఉన్నా కింద నేల ఒప్పుకోవాలి. జాకీ అడుగు 15 సెంటీమీటర్లు, 13 సెంటీమీటర్లు అనుకుంటే ఆరు టన్నులకి చదరపు సెంటీమీటరు మీద 30 కిలోలు పడుతుంది. వానకి నానిన ఎర్రమట్టి మార్జిన్ గానీ, మే నెల మధ్యాహ్నపు తారు గానీ దాన్ని మోయవు. జాకీ ఒక పక్కకి దిగి, రామ్ ఏటవాలుగా నొక్కుకుని, వాషరు ఒక వైపే అరుగుతుంది. 40 సెంటీమీటర్ల చదరపు చెక్క, రెండంగుళాల మందం, తుమ్మదో మద్దిదో వేస్తే అదే బరువు నాలుగు కిలోల లోపుకి వస్తుంది. ఆ చెక్క ఎప్పుడూ బండిలో ఉండాలి. జాకీని ఇరుసు హౌసింగు కింద కమాను కట్టకి దగ్గరగా పెట్టండి, మధ్యనున్న గుండ్రటి బొడ్డు కింద కాదు. తగిలే చోట గ్రీజు ఉంటే తుడిచెయ్యండి. మిగతా చక్రాలకి ముందూ వెనకా అడ్డు పెట్టండి. చక్రం నట్లు నేల మీద ఉండగానే అరచుట్టు వదులు చేసుకోవాలి.

ఎత్తడం మాత్రమే జాకీ పని. నిలబెట్టడం దుంగ పని. జాకీ ఎంత కొత్తదైనా, ఎంత ఖరీదైనా, ఇరుసు కింద గట్టి దిమ్మెలు పేర్చి బరువు వాటి మీదికి దించాకే చెయ్యి లోపల పెట్టాలి. క్లీనరు కుర్రాడికి ఇది మొదటి రోజే నేర్పండి. జాకీ కుంగే కొద్దీ పంపు కొడుతూ ఒకరు, కింద దూరి ఒకరు పనిచేసే పద్ధతి ఎక్కడ చూసినా ఆపించండి.

తమ్ముడి టిఫిన్ బండి సంగతి. స్క్రూ జాకీలో ఆయిలు లేదు, సీలు లేదు. చదరపు గొట్టంలో ఇంకో గొట్టం, మధ్యలో పొడవాటి స్క్రూ, దానికి నట్టు, పైన బరువు మోసే బేరింగు. స్క్రూ మీది మర చుట్ల వాలు తక్కువ కాబట్టి బరువు దాన్ని వెనక్కి తిప్పలేదు. గంటల తరబడి నిలబెట్టాల్సిన చోట బాటిల్ జాకీ కన్నా ఇదే నమ్మకం. బీచిలో అది బిగుసుకోవడానికి కారణం రెండు గొట్టాల మధ్య చేరే ఉప్పిసుక. గొట్టం బయట గ్రీజు రాసి ఉంటే ఇంకా తొందరగా బిగుస్తుంది, ఇసుక దానికే అంటుకుంటుంది. గ్రీజు వెళ్ళాల్సింది లోపలి స్క్రూకి, నట్టుకి, బేరింగుకి.

బిగిసిన కాలుని (అంటే ఆ స్క్రూ జాకీని) పైపు వేసి తిప్పనివ్వకండి. హ్యాండిల్‌కీ స్క్రూకీ మధ్య ఒక పిన్ను ఉంటే అది తెగుతుంది. తెగడమే దాని పని, అక్కడ గట్టి బోల్టు వేస్తే ఈసారి స్క్రూయే మెలి తిరుగుతుంది. బండి చాసిస్ కింద బాటిల్ జాకీ, దుంగలు పెట్టి ఆ కాలు మీద బరువు తీసెయ్యండి. కాలు విప్పి, తలకిందులుగా నిలబెట్టి, గొట్టాల సందులో సగం డీజిలు సగం ఇంజనాయిలు కలిపి పోసి రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున పావు చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి ఆడిస్తూ కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలి. విడిపోయాక వైరు బ్రష్షుతో గీకి, కిరసనాయిలుతో కడిగి, లిథియం గ్రీజు పట్టించండి. కాలి అడుగున నీళ్ళు పోయే కన్నం ఉంటే పుల్లతో గుచ్చి తెరవండి. లేకపోతే 8 మి.మీ. కన్నం వేయించండి. ఇత్తడి నట్టు అరిగిందేమో చూడటానికి బరువు లేనప్పుడు లోపలి గొట్టాన్ని పట్టుకుని పైకీ కిందికీ లాగండి. మర మందంలో పావు వంతు కన్నా ఎక్కువ ఆడితే నట్టు లేత్ షాపులో కొత్తది చేయించుకోవాలి.

కాళ్ళు కొనేటప్పుడు నాలుగూ సమానంగా మోస్తాయని లెక్క వేసుకోకండి. ఎగుడుదిగుడు ఇసుకలో ఎదురెదురు మూలల రెండు కాళ్ళే బరువంతా మోసి, మిగతా రెండూ ఊరికే ఆని ఉంటాయి. బండి మీది గది 1200 కిలోలైతే ఒక్కో కాలు 300 కాదు, 600 మొయ్యగలగాలి. ప్రతి కాలు కింద అడుగు చదరపు చెక్క వేసి, ఒక కాలు పూర్తిగా బిగించకుండా నాలుగింటినీ రెండేసి చుట్ల చొప్పున వంతులవారీగా తిప్పుకుంటూ రావాలి. రసమట్టం లోపలి బల్ల మీద పెట్టి చూసుకుంటే తెలిసిపోతుంది. టైర్లు నేల వదలకూడదు. ఈ కాళ్ళు బండి ఊగకుండా ఆపడానికి, గాల్లోకి ఎత్తడానికి కాదు. అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక వస్తే కాళ్ళన్నీ లేపేసి బండిని ఊళ్ళోకి తెచ్చెయ్యాలి. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పటి గాలి మన వైపు అందరికీ తెలుసు. ఇక, కాళ్ళు దిగి ఉండగానే బండి ముందుకి తీస్తే నాలుగూ ఒకేసారి వంగిపోతాయి. కాళ్ళు దించిన వెంటనే స్టీరింగుకి ఎర్రగుడ్డ కట్టమనండి. నాలుగో కాలు పైకి లేచాకే ఆ గుడ్డ విప్పాలి.